సావీ వెళ్లి చూసిన నక్షత్రం

చాట్స్‌వర్త్‌లో మా పక్కింటి సావీ హైస్కూల్లో సైన్స్ చెప్పేది. ఆ దేశంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మనవాళ్లూ అందరూ కలిసి వేసిన మొదటి ఓట్లయిన మరుసటి ఏడు మేము ఆంధ్ర నుంచి ఆ వీధికొచ్చాం. నలభైకి దగ్గరపడ్డాక ఆమె యూనివర్సిటీలో మాస్టర్స్‌కి చేరింది. సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాల్లో అయస్కాంత క్షేత్రం ఉంటుందా అన్నది ఆమె విషయం. అలా ఉన్నవి అరుదట. ఉంటే, ఆ వెలుగులో కుడికి తిరిగే భాగానికీ ఎడమకు తిరిగే భాగానికీ పిసరంత తేడా వస్తుందని చేతులు చెరోవైపు తిప్పి నాకు చెప్పేది.

దూరాన కరూ ఎడారిలో ఉన్న పెద్ద టెలిస్కోపుతో మొదటిసారి చూసినప్పుడు ఒక నక్షత్రంలో ఆ తేడా కనబడింది. గైడు మురిసిపోయి పేపరు రాసేద్దామన్నాడు. సావీ ఇంకోసారి చూస్తానంది. తీరా టెలిస్కోపు దొరికింది, ఇంట్లో గంజి కాచి అమ్మవారికి పెట్టి అందరికీ పంచే గంజి పూజ వారంలోనే. పెద్దకోడలైన సావీ కలపకుండా ఆ ఇంట్లో గంజి ఎన్నడూ కాగలేదు. ఈ మాట అత్తగారు ముత్యాలమ్మకు ఎలా చెప్పాలో తెలియక సావీ నన్ను వెంటబెట్టుకెళ్లింది.

అంతా విని ఆవిడ, “ఆ టైము మళ్లీ ఎప్పుడిస్తారే?” అంది.

“వచ్చే ఇయర్, మేబీ, అత్తా.”

“అయితే పో. అమ్మోరు మన మనిసి. నెక్స్ట్ సండే దాకా ఆగుద్ది.”

సావీ వెళ్లింది. తేడా మళ్లీ వచ్చింది. అంతటితో తిరిగొచ్చినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆమె అదే పరికరంతో, క్షేత్రం లేదని అందరికీ తెలిసిన మరో నక్షత్రాన్ని చూసింది. అందులోనూ అంతే తేడా! చూస్తే, పరికరంలో గైడు అమర్చిన గాజుపలక మరీ బిగుసుకుపోయి, ఆ ఒత్తిడికి గాజే వెలుగులో తేడా తెస్తోంది. వదులు చేసి చూస్తే రెండు నక్షత్రాల్లోనూ తేడా ఏమీ లేదు. ఫోన్ చేస్తే గైడు క్షేత్రం కనబడలేదనే రాయమన్నాడట.

ఆదివారం పూజకు వచ్చిన డోరిస్, ఎదురింటావిడ, గంజి గిన్నె పట్టుకుని ఊరుకోలేదు. అంత దూరం పోయి, పూజ కూడా ఆపించి, ఏమీ లేదని తెలుసుకు రావడమేమిటని నవ్వింది. పొయ్యి దగ్గర సావీ గంజి కలుపుతూనే ఉంది.

“ఉందని చెప్పేవోళ్లు శానామంది డోరిస్,” అంది ముత్యాలమ్మ. “మా కోడలు పోయి చూసింది. లేదు.”

సావీ చెంగుతో కళ్లు తుడుచుకుని, గంజి అడుగంటుతోంది, ఎవరైనా నీళ్లందించండి అంది.