చదవకుండా పెట్టిన సంతకం

మా మామ పోయారని బుధవారం పొద్దున్నే లింగాల ఘనపూర్ పక్కనున్న వాళ్ల ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మామ అంటే నా భార్య తండ్రి. ఆ ఊరిని జనగామ పట్టణ వార్డుల్లో కలపాలా వద్దా అన్న గొడవలో అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా రెండు రోజులే గడువుంది. ఏడుపు కంటే ముందు నాకు ఆ గడువు గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలి.

నాది జనగామలో సిమెంటు దుకాణం. ఊరు టౌనులో కలిస్తే ప్లాట్ల ధర లేస్తుంది, ఇళ్లు లేస్తాయి, నా సరుకు అమ్ముడవుతుంది. ఆయనది వ్యవసాయం. పంచాయతీ పోతే ఉపాధి పని పోతుంది, వాకిట్లో నిలదీయడానికి సర్పంచి ఉండడు. "ఓటేయించుకున్నోడు నడిచిపోయే దూరంల ఉండాలె అల్లుడా. ఆటో ఎక్కితే దిగేవరకు కోపం సల్లారిపోతది" అనేవారు. అన్నం దగ్గర మా ఇద్దరికీ ఇదే లొల్లి. మా అత్త గిన్నెలు గట్టిగా పెట్టేది.

ఆయన ఉత్త చేతులతో వచ్చింది లేదు. తువ్వాలలో చిక్కుడుకాయలో, చింతచిగురో ఉండేది. చెప్పులు దుకాణం బయటే విడిచేవారు. సిమెంటు దుమ్ములోకి రావడానికి చెప్పులెందుకు విడవడం అంటే, "నీకు బువ్వ పెట్టే జాగ గదా" అనేవారు.

అలా వచ్చిన ఒక రోజే, ఊరిని టౌనులో కలపమని మేం దుకాణాలవాళ్లం రాసిన అర్జీ ఆయన ముందు పెట్టాను. "రోడ్డు కోసం మామా, జర సంతకం పెట్టు" అన్నాను. కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చారు. "నువ్వు సదివినవ్ గదా, సాలు" అని పెట్టేశారు. సిగ్గుమాలిన పని. చేశాను.

ఆ అర్జీ మీద ఊళ్లో విచారణ జరిగిన నాడు అధికారి కలపమన్నవాళ్ల పేర్లు చదువుతుంటే మామ పేరు వచ్చింది. ఊరంతా ఆయన వైపు తిరిగింది. "అమ్ముడువోయిండు" అన్నారెవరో వెనక నుంచి. ఆయన లేచి నిలబడ్డారు, నా వైపు చూడలేదు.

"సంతకం నాదే సారూ. సదువకుంట పెట్టిన. తప్పు నాది."

ఎవరు పెట్టించారని అడిగితే, "యాదికి లేదు" అన్నారు. నన్ను నలుగురిలో తలెత్తుకోనిచ్చారు, తన తల దించుకొని.

తర్వాత దుకాణానికి వచ్చి నీళ్లు తాగారు. "ఎండలు ముదిరినయ్, పోరగాండ్లను బయటికి పోనియ్యకు" అని చెప్పి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకొని తిరిగారు. ఊళ్లో సగం మంది ఆయన్ను పలకరించడం మానేశారు. నేను నిజం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే ఆయన గుండె ఆగింది.

గడువు చివరి రోజు, శుక్రవారం, అభ్యంతరాలు తీసుకునే ఆఫీసులో, ఆ ఊరివాళ్ల ముందే, మామతో ఆ సంతకం అబద్ధం చెప్పి పెట్టించింది నేనేనని రాయించాను. గుమస్తా కాగితం నా వైపు తిప్పి, "ఇక్కడ పెట్టండ్రి" అన్నాడు.

"ఆగు, సదువుకోనియ్" అన్నాను.

పాడె ఎక్కించే ముందు అత్త ఆయన మెడలోంచి తీసి నా చేతికిచ్చిన కళ్లద్దాలు నా జేబులో ఉన్నాయి. నల్లదారం బయటికి వేలాడుతోంది.