గేటు మీది రెండో నంబరు

మా ఎదురింటి చాచా పోయారు. పొద్దున నేను పాలప్యాకెట్లు తీసుకుంటుంటే చాచీ వాళ్ళ గేటు దగ్గరకొచ్చి, "మీ చాచా లేస్తలేడమ్మా, జెర వచ్చి చూడు" అంది. వెళ్ళి చూసేసరికి చేయడానికేమీ మిగల్లేదు.

నేరేడ్‌మెట్‌లో మా వీధికంతా ఆయన ఫౌజీ చాచా. మిలిటరీలో ఆయన పని కంచర గాడిదలను నడపడం. రోడ్డు లేని కొండల మీద ఉన్న జవాన్లకు తిండీ మందుగుండూ వాటి వీపుల మీదే వెళ్ళేవట. చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తే కంచర గాడిద తంతుంది. అందుకని ముందే గొంతు వినిపించాలి. ఆ అలవాటు చాచాకు వంటింట్లో కూడా పోలేదు. గుమ్మంలోంచే "వస్తున్న" అనేవారు.

"నేనేమన్న తంతనా?" అని చాచీ పొయ్యి దగ్గరనుంచి అరిచేది.

"నీ సంగతి ఎవరికెరుక!"

వీధి మేకల కోసం గేటు బయట పెట్టిన తొట్టిలో నీళ్ళు నింపాకే ఆయన చాయ్ ముట్టేవారు. మిలిటరీలో ముందు జంతువు తినాలి, తర్వాతే మనిషి అట.

మేము కాకినాడ నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో మా గ్యాస్ బండ తరచూ వాళ్ళింటి ముందు దిగేది. కారణం వాళ్ళ గేటే. పైన వాళ్ళ ఇంటి నంబరు ఉంటుంది. అడుగున, మోకాలికన్నా కిందుగా, తెల్ల రంగుతో ఇంకో నంబరు 217. మా ఇంటి నంబరూ అదే. చాచా బండను రోడ్డు మీద దొర్లించుకుంటూ తెచ్చి ఇచ్చేవారు. నాకు ఇంటి పనులు ఒక పద్ధతిలో నడవాలి, అందుకే ఒకరోజు అడిగేశాను.

"చాచా, ఆ కింది నంబరు చెరిపేయకూడదా?"

"నీ ఇంటి నంబరే మార్చుకో బిడ్డా. ఇది ఫౌజ్ ఇచ్చింది" అని నవ్వారు. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు.

కంచర గాడిద గిట్ట మీద కాల్చిన ఇనుముతో నంబరు వేస్తారు. గిట్ట మన గోరులాగే పెరుగుతుంది. నంబరు కిందికి దిగి అరిగిపోతుంది. మళ్ళీ వేయాలి. 217 ఆయన నడిపిన జంతువు. యుద్ధంలో గుండ్లు పడుతుండగా కొండెక్కుతూ దెబ్బ తిని కూలింది.

"సామాను దించి మా ఈపుల మీదికెత్తుకున్నం. పైన మావోళ్ళు ఎదురుచూస్తున్నరు, ఆగొద్దు. అది నా దిక్కే చూస్తుండె. నేను ఎక్కిన. తిరిగొచ్చేసరికి మంచు కప్పేసింది" అన్నారు, రేషన్ షాపు సంగతి చెప్పినట్టు. "పోయిన మనుషుల పేర్లు రాయి మీద చెక్కిన్రు. దానికి గిట్ట మీది నంబరొక్కటే. అది సుత మంచుల పోయె. నేను చెరిపిస్తే ఇంగ ఏడుంటది?"

నేను మళ్ళీ అడగలేదు. గ్యాస్ అబ్బాయికే ఇల్లు గుర్తుపట్టడం నేర్పాను.

ఏటా వానలకు ముందు చాచా గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఆ నంబరుకు కొత్తగా రంగు వేసేవారు. "అయిందా నా సవతి సింగారం?" అని చాచీ లోపలినుంచి అడిగేది. ఈ ఏడు ఆయన చెయ్యి వణికి కుంచె నిలవలేదు. రెండుసార్లు ప్రయత్నించి డబ్బా మూత పెట్టేశారు. పోయేనాటికి నంబరు సగం వెలిసిపోయి ఉంది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు చుట్టాలొస్తారని వాళ్ళబ్బాయి గేటుకు గోధుమ రంగు వేయించాడు. రెండు నంబర్లూ ఆ రంగు కింద పోయాయి. పెయింటర్ పైది మాత్రం మళ్ళీ రాసి కుంచె కడుక్కోబోయాడు. చాచీ ఆపింది.

"ఒక్కటి చాలదా అమ్మీ? మంది పరేషాన్ అయితరు" అన్నాడు కొడుకు.

"ఇన్నేండ్లు సవతిని ఇంట్ల వెట్టుకున్న. ఇప్పుడు నువ్వొచ్చి ఎల్లగొడ్తవా?"

పెయింటర్ చేతిలోంచి కుంచె తీసుకుని తనే కింద కూర్చుంది. నేను రోడ్డు దాటి వెనకనుంచి వెళ్తూ, "వస్తున్నా చాచీ" అన్నాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తిరిగి చూడకుండానే, "రా" అంది.

మెల్లగా మూడు అంకెలూ వేసింది. ఆరేదాకా గేటు ముట్టొద్దంది. మౌలాలి నుంచీ బొల్లారం నుంచీ వచ్చిన చుట్టాలు టిఫిన్ డబ్బాలతో, పూల పొట్లాలతో నీళ్ళ తొట్టి పక్కన ఎండలో నిలబడ్డారు, కంచర గాడిద నంబరు ఆరేదాకా.