పన్నెండుకు నిలిచిన పువ్వు

మా మేనత్త పోయిందని మదనపల్లె నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పాడు. నేను పుంగనూరులో బడికి బయలుదేరుతున్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇక అందరూ ఆమెను శాంతమూర్తి అనేస్తారు. అది అబద్ధమని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. క్వార్టర్సు వెనక కాస్త జాగాలో ముదురు ఊదా రంగు లిల్లీలు పెంచేది. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోయే ఒక్కరోజు పూలవి. ఒక రకం గడ్డలు దొరసాని డాక్టరమ్మ ఇచ్చింది. ఇంకో రకం కుప్పంలో రైల్వే గార్డు భార్యను అడిగి తెచ్చుకుంది. కుప్పం పువ్వు పొద్దున నల్లగా నిగనిగలాడేది, ఎండెక్కితే వెలిసిపోయేది. డాక్టరమ్మ పువ్వు ఎండకు నిలిచేది గానీ రంగులో ఎరుపు తగిలేది. అత్త రెండింటినీ మధ్యాహ్నం పన్నెండుకే పోల్చి చూసేది.

“పొద్దున అందరూ రాణులే. పన్నెండుకు సూడల్ల” అనేది. మనుషుల గురించి కూడా అదే మాట.

ఒకదాని పుప్పొడి ఇంకోదానికి వేలితో అద్ది, కాడకు దారం కట్టి, గింజలు తీసి నాటింది. ఒకే ఒక్క మొక్క బతికింది. బిడ్డల్లేనిదానికి గడ్డలే బిడ్డలని చర్చిలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. అత్త విననే విన్నది. “అవునమ్మా, ఎదురు సెప్పని బిడ్డలు” అని నడిచిపోయింది.

మూడో ఏడు ఆ మొక్క తొలిసారి మొగ్గ వేసింది. యుద్ధం రోజులవి, తిండికి కటకట. పెరళ్లలో తిండి పంటలే పెట్టాలంటూ తాలూకా నుంచి ఒక ఉద్యోగి, పార పట్టిన మనిషితో వచ్చాడు. సెలవులకని వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. వంకాయ రంగు పూలకన్నా వంకాయలే పెట్టుకోకూడదా అని నవ్వి, అన్నీ పెరికేయమన్నాడు. అత్త ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ రెండు రకాల వరుసల్లోని మొగ్గలూ కోసింది. చీనా దేశంలో వీటిని కూర వండుకుంటారని డాక్టరమ్మ చెప్పిందట. ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేసి వేయించి, సంగటితో పెట్టింది. ముందు తనే తిని చూపించింది. ఆయన జంకుతూ మొదలుపెట్టి, మారు అడిగి పెట్టించుకున్నాడు. సరే, తిండి పంటే అని ఒప్పుకుని లేచాడు. పోతూ పోతూ ఆ ఒక్క మొక్కను చూపించి, దాని మొగ్గ ఎందుకు కోయలేదని అడిగాడు.

విత్తనానికి అని ఉంటే సరిపోయేది. అత్త వెళ్లి మొక్కకు అడ్డం నిలబడింది.

“అది తినేదానికి కాదప్పా, సూసేదానికి. పెరకల్లంటే ముందు నన్ను పెరుకు.”

పార మనిషి తల దించుకున్నాడు. ఉద్యోగి ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు మొగ్గ విచ్చింది. పన్నెండుకు ఇద్దరం ఎండలో నిలబడి చూశాం. కుప్పం నలుపు అలాగే ఉంది.

“నిలబడిందే” అంది అత్త.

నన్ను టీచరు ట్రైనింగుకు పంపనని మా నాయన పట్టుబట్టినప్పుడు కూడా ఆమె అలాగే గుమ్మంలో అడ్డం నిలబడింది. ఈరోజు నేను తింటున్న కూడు ఆమె పెట్టిందే.

సమాధి దగ్గరికి అందరూ తెల్లపూలు తెచ్చారు. చావుకు ఈ రంగేమిటని ఎవరో, అత్త కాపాడిన ఆ మొక్క నుంచి నేను కోసుకొచ్చిన ఊదా పువ్వు తీసుకోబోయారు. నేను ఇవ్వలేదు. కాడను తడిమట్టిలో గుచ్చాను. ప్రార్థన అయ్యేసరికి పన్నెండు దాటింది. అందరూ నీడకు పోయారు. తెల్లపూలు అప్పటికే వడలిపోయాయి. నేను గొడుగు తెరవకుండా, రంగు చెదరని ఆ పువ్వు పక్కన నిలబడ్డాను.