ఆ ఆదివారం రాత్రి మీవాళ్ళెక్కడున్నారు?

మా ఊళ్ళో ఇద్దరు ఎదురుపడితే వాన గురించి మాట్లాడుకుంటారు. మలాకి డర్కన్ మాత్రం గొడుగైనా ముడవకుండా, "పందొమ్మిది వందల పదకొండు, ఏప్రిల్ రెండు, ఆదివారం రాత్రి మీవాళ్ళెక్కడున్నారు?" అని నిలదీస్తాడు. ఆ రాత్రి ఐర్లండ్ అంతటా జనాభా లెక్కలు రాశారు. ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంటి కాగితంలో వాళ్ళ పేరు ఎక్కింది. ఆ కాగితంలో దొరకని మనిషి పుట్టాడంటే మలాకి ఒక పట్టాన నమ్మడు.

స్లైగో జిల్లాలో మా ఊరికి ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్ ఆయన. సరిగ్గా ఆ ఏడాదే పాత జనాభా లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నేను లైబ్రేరియన్‌ని కాబట్టి ఆ కొబ్బరికాయ నా బల్ల పక్కనే ఉండేది. పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో ఉండేవాడు. "ఇమెల్డా, త్వరగా తియ్యి! ఓ కుటుంబం మొత్తం నాకోసం వందేళ్ళుగా ఎదురుచూస్తోంది!" అనేవాడు.

ఒకసారి సైకిల్‌కి లైటు లేదని కొత్తగా వచ్చిన కుర్ర పోలీసు ఆయన్ని ఆపాడు.

"మీ పేరేంటండీ?"

"నా పేరుకేం గానీ, నీదేంటి?"

"టాన్సీ."

"ఏ టాన్సీలు? కొండకి ఇవతలా, అవతలా? ఆ ఆదివారం రాత్రి మీవాళ్ళెక్కడున్నారు?"

"నాకు తెలీదండీ."

"ఇంట్లో పనిపిల్ల ఎవరైనా ఉండేదా? కేట్ అని?"

"ఒట్టు, నాకేం తెలీదండీ!"

మర్నాడు ఆ పోలీసు టోపీ చేత్తో పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. "మేడమ్, ఆ రాత్రి మావాళ్ళు ఎక్కడున్నారో కాస్త చూసిపెడతారా? నిద్ర పట్టలేదు" అన్నాడు. సైకిల్ లైటు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

మిసెస్ గిల్‌హూలీ కథ ఇంకా ఘోరం. తన ముత్తాతది బంగళా అని ఆవిడ నలభై ఏళ్ళుగా చెప్పుకుంటోంది. మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి మళ్ళీ అదే పాట ఎత్తుకుంది. వెనకాలే మలాకి ఉన్నాడని చూసుకోలేదు.

"రెండు గదులు," అన్నాడు మలాకి. "ముందువైపు కిటికీ ఒకటి. మనుషులు పదకొండు మంది. పందుల కొట్టం ఒకటి."

"అబద్ధం!"

"కింద మీ ముత్తాత సంతకం కూడా ఉంది. సంతకం కాదులెండి, ఇంటూ గుర్తు. అన్నట్టు, ఇంట్లో పనిపిల్ల ఉండేదా?"

"పదకొండు మంది ఉన్న రెండు గదుల్లో పనిపిల్ల కూడానా?"

"బంగళా అన్నారు కదా అని అడిగా."

ఆవిడ ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. మాంసం కూడా పక్క ఊళ్ళో కొనుక్కుంది.

అలాగని మలాకి సొంతవాళ్ళని వెనకేసుకొచ్చే రకం కాదు. ఆయన తాతమ్మ ఆనర్‌కి 1901 లెక్కల్లో నలభై ఎనిమిదేళ్ళు. 1911లో డెబ్బై. ఈ మధ్యలో డెబ్బై దాటిన ముసలివాళ్ళకి పింఛను ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పుట్టిన తేదీకి కాగితాలు ఎవరికున్నాయి? "పదేళ్ళలో ఇరవై రెండేళ్ళు పెరిగింది మా తాతమ్మ," అని మలాకి ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. "ఆవిడొక్కతేనా? ఊరు ఊరంతా రాత్రికి రాత్రి ముసలైపోయింది. ఆటలపోటీల్లో మాత్రం అందరూ పాత వయసుతోనే పరిగెత్తారు."

కుక్కల్ని అడగలేదన్న మాటేగానీ, సెలవులకి వచ్చిన జర్మన్ జంటనీ, శవపేటిక మోస్తున్న నలుగురినీ, పన్ను పీకుతున్న డాక్టర్‌నీ అందరినీ అడిగాడు. ఊళ్ళో ఆయన ఆ ప్రశ్న వెయ్యనిది ఒక్క అట్రాక్టాకే. అది నేను కనిపెట్టాను గానీ, ఎందుకో నాకు తట్టలేదు.

అట్రాక్టాది చర్చి ఎదురుగా టీ దుకాణం. ఆవిడ చేసిన స్కోన్లు, అవే, వెన్న రాసుకు తినే తీపి బన్నులు, తింటే పాదిరిగారి ప్రసంగం కూడా తియ్యగా వినిపించేది. కన్యస్త్రీల అనాథాశ్రమంలో పెరిగింది. బయటికి వచ్చేనాడు వాళ్ళు చెప్పింది ఒక్క ముక్క: అమ్మ పేరు ఎలెన్, అమ్మమ్మ పేరు కేట్ మారెన్, ఆ అమ్మమ్మ చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరింట్లోనో పనిచేసేది. ఆ ముక్క పట్టుకునే మా ఊరొచ్చి దుకాణం పెట్టుకుంది. చుట్టమనేవాడు ఒక్కడూ దొరకలేదు.

పశువుల రైతు ఫింటన్ రోజూ ఆ దుకాణానికి వచ్చి, పధ్నాలుగేళ్ళు టీ తాగి తాగి, చివరికి నోరు తెరిచి పెళ్ళి మాట అడిగాడు. అట్రాక్టాకి అప్పుడు యాభై ఏడు. సరేనంది. ఊరంతా పండగ చేసుకుంది. తీరా పిలుపుల జాబితా రాసేసరికి పెళ్ళికొడుకు వైపు నూట నలభై మంది తేలారు. పెళ్ళికూతురి వైపు ఎవరూ లేరు.

"చర్చిలో పెళ్ళికూతురి చుట్టాలు కూర్చునే ఎడంవైపు పన్నెండు బల్లలు ఖాళీగా ఉంటాయి మలాకీ," అంది అట్రాక్టా టీ పోస్తూ. నేనూ అక్కడే ఉన్నాను. "వాటి పక్కనుంచి నడవడం నావల్ల కాదు. నాకీ పెళ్ళి వద్దు. ఫింటన్‌తో చెప్పేస్తాను."

"స్నేహితులం మేమంతా లేమా?" అన్నాను.

"ఉన్నారు. కానీ ఆ బల్లలు రక్తసంబంధం వాళ్ళవి ఇమెల్డా."

మలాకి టీ సగంలో వదిలేసి లేచాడు. "ఆరు వారాలు ఆగు. ఫింటన్‌తో ఏమీ అనకు," అన్నాడు.

ఆరు వారాలూ మా లైబ్రరీ కంప్యూటర్‌కి ఆయనే మొగుడు. ఏడో ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరివాళ్ళందరినీ చర్చి హాల్లోకి తోలి, స్నూకర్ బల్లమీద గోడలకి అతికించే రంగుకాగితం చుట్ట ఒకటి పరిచాడు. దాని వెనకవైపు ఆ చివర నుంచి ఈ చివరి దాకా వంశవృక్షం.

"కేట్ మారెన్ దొరికింది!" అన్నాడు. "మా ఇంట్లోనే ఉంది. మా తాతయ్య తండ్రికి స్వయానా మేనకోడలు. డర్కన్‌లకి చుట్టమంటే ఇంకెవరికి కాదు? టాన్సీలూ, ఇటు రండి. గిల్‌హూలీలూ, మీరూనూ!"

హాలంతా తిరణాల అయింది. కుర్ర పోలీసు పరిగెత్తుకెళ్ళి అట్రాక్టాని కావలించుకున్నాడు. మిసెస్ గిల్‌హూలీ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగి, ఏడాది మౌనం విడిచింది.

"నేను నాలుగో తరం చుట్టాన్నా?"

"అవునండీ."

"మూడో తరం కాదూ? ముందు బల్ల మూడో తరానికేగా?"

"చూద్దాం లెండి," అన్నాడు మలాకి పెన్సిల్ తీస్తూ.

నాకు సంతోషమే గానీ, లైబ్రేరియన్ బుద్ధి ఎక్కడికి పోతుంది? మర్నాడు డర్కన్‌ల ఇంటి కాగితం తెరిచి చూశాను. ఎనిమిది మంది. కేట్ లేదు. మేనకోడలు లేదు. పనిపిల్ల అసలే లేదు.

"మలాకీ! ఇందులో ఎనిమిది మందే ఉన్నారు!"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా తాతమ్మ తన వయసుకి పన్నెండేళ్ళు కలిపింది. నేను ఒక మేనకోడల్ని కలిపాను. దానికే దేశం మునిగిపోతుందా?"

"నిజం వెతకాల్సిందిగా!"

"వెతకలేదనుకున్నావా?" అన్నాడు. మొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు. "ఎనిమిదేళ్ళు వెతికాను ఇమెల్డా. ఈ జిల్లాలో పదకొండు మంది కేట్ మారెన్‌లు ఉన్నారు. ఒక్కతీ ఈమె కాదు. కాగితాల్లో పేర్లు తప్పు రాస్తారు, మనుషులకి గుర్తుండొచ్చు కదా అని కనపడ్డవాడినల్లా అడిగాను. ఊరికే పిచ్చికొద్దీ అడిగాననుకున్నావా?"

నేను కంప్యూటర్ ఆపేశాను. ఆ పోలీసునీ, జర్మన్ జంటనీ, పంటి డాక్టర్‌నీ ఆయన ఎవరికోసం వేధించాడో అప్పటికి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన వెనకాల నవ్వినందుకు సిగ్గేసింది.

పెళ్ళిరోజు మామూలుగానే వాన. చర్చిలో ఎడంవైపు పన్నెండు బల్లలూ కిక్కిరిశాయి. ఫింటన్ మేనమామలు ఇద్దరు కూడా తాము డర్కన్‌ల చుట్టాలమేనని కుడివైపు నుంచి లేచి అటు వెళ్ళిపోయారు. ముందు బల్లలో మిసెస్ గిల్‌హూలీ, ఆవిడ టోపీ, రెండూ కూర్చున్నాయి.

దగ్గరి చుట్టం కనుక పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది మలాకి. గుమ్మంలో వాళ్ళిద్దరికీ నేను గొడుగు పట్టాను. లోపల ఆర్గన్ వాయించడం మొదలైంది. అట్రాక్టా కదల్లేదు. లోపల బల్లల వైపు చూసి, ఆయన వైపు తిరిగింది.

"మలాకీ, పందొమ్మిది వందల పదకొండు, ఏప్రిల్ రెండు, ఆదివారం రాత్రి మా అమ్మమ్మ ఎక్కడుంది?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరైనా అడగ్గా నేను చూడలేదు.

"మా... మా ఇంట్లో."

"ఆ కాగితం నేనూ చూశానులే. ఎనిమిది మందే ఉన్నారు."

అట్రాక్టా ఆయన టై సరిచేసి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం ఫరవాలేదు. సర్దుకుని పడుకునుంటుంది. పద, మనవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు."