అడిగి తెచ్చుకున్న ఇంటిపేరు

మొయినాబాద్ బస్టాండు పక్కన ఈమధ్యే తెరిచిన బేకరీ ముందునుంచి పొద్దున పూట వెళ్తే, కాలుతున్న రొట్టె వాసన రోడ్డు దాటి వచ్చి మనిషిని ఆపుతుంది. వెన్న, చక్కెర, యాలకులు అన్నీ ఉంటాయి అందులో. పసుపు మాత్రం ఉండదు. రొట్టెలో పసుపేమిటని మీరు అడగవచ్చు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

సురంగల్‌లో నా చిన్నప్పుడు, జొన్న కంకులు పాలు పోసుకునే చలిలో, క్రిస్మస్‌కు వారం ముందునుంచే అవ్వ గోధుమపిండిలో ఎండుద్రాక్షలు కలిపి, తాగడం మానేసిన కల్లును పిండి పొంగడానికి మాత్రం పోసి, మూకుడుకు పైనా కిందా నిప్పులు పెట్టి రొట్టె కాల్చేది. మిషనరీ దొర భార్య, దొరసాని, నేర్పిన రొట్టె అది. దొరసాని కుంకుమపువ్వు వేసేదట. దొరలు తమ దేశం వెళ్ళాక కుంకుమపువ్వు కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది, రంగైనా మిగలనీ అని అవ్వ పసుపు వేసింది. రుచి సంగతి చెప్పను; పండగంతా అదే తిన్నాం.

దొరది ఇంగ్లండు పడమటి కొసన కార్న్‌వాల్ అనే చోటు. తండ్రి తగరపు గనిలో పనివాడు కావడంతో దొరకు ప్రసంగం కన్నా బావి తవ్వడం బాగా వచ్చేదట. మేము గుడి అనే చర్చికి బావి తవ్వినప్పుడు ఆయనతో పాటు దిగినవాళ్ళు ఇద్దరు: మా తాత యాకోబు, పక్క ఊరు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు మోషే. నీళ్ళు పడిన ఏడాదే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటిపేర్లు మార్చనక్కర్లేదని దొర అన్నాడు కానీ, ఇద్దరి పాత ఇంటిపేర్లూ పటేలు నోట తిట్టుల్లాగే వచ్చేవి. అందుకని ఇద్దరూ పట్టుబట్టి దొర ఇంటిపేరునే, చెనోవెత్ అన్నదాన్ని, అడిగి తెచ్చుకున్నారు. "ఇగ మనం ఒక్కింటోళ్ళం రా మోషే!" అని తాత స్నేహితుణ్ణి కావలించుకున్నాడట.

నాకు ఎనిమిదేండ్లప్పుడు, పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మోషే కొడుకు దానియేలు మా చిన్నత్తను చేసుకుంటానన్నాడు. చిన్నత్త రూతు బాపుకు ఒక్కతే చెల్లెలు. నాతో అచ్చనగండ్లాడి, నేను ఏడ్చేదాకా గెలిచేది. దానియేలు బడి పంతులు. చదవని పాటల పుస్తకం తిరిగివ్వడానికి ప్రతి ఆదివారం ప్రొద్దుటూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు.

తాత ఒప్పుకోలేదు. ఆయన పోచమ్మను వదిలాడు, బోనాలు వదిలాడు, కల్లు వదిలాడు. ఒక్క ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళవుతారన్నది మాత్రం వదల్లేదు.

"గట్లెట్లయితదే? ఇంటిపేరు ఒక్కటేనాయె. వరుసకు అన్నాచెల్లెండ్లు గారా?"

"నెత్తురు కలిసిందా ఏంది? నువ్వు అడుక్కొచ్చిన పేరే గదా," అన్నది అవ్వ. "ఫికర్ పడుకుంట కూసునేదానికంటె గా దొరనే అడుగు జర. ఆయన సరేనంటె నీదేమున్నది మల్ల?"

దొర మాటకు కట్టుబడతానని తాత మాటిచ్చాడు. దానియేలే కూర్చుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. చిన్నత్త నన్ను వెంటబెట్టుకుని, బాపు తోలిన బండిలో చేవెళ్ల దాకా వెళ్ళి దాన్ని టపా డబ్బాలో వేసి, లోపల పడిందో లేదోనని డబ్బాను ఒకసారి తట్టింది.

అది ఈస్టరు. తర్వాత మామిడిపండ్లు అయిపోయాయి, వానలు పడ్డాయి, మక్క కంకులు కాల్చుకు తిన్నాం, కోతల పండగకు గుడి నిండా గుమ్మడికాయలు పేర్చాం. సముద్రం మీద ఓడలు మునుగుతున్నాయని పాస్టరు చెప్పాడు. అచ్చనగండ్లలో చిన్నత్త నన్ను గెలవనివ్వడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది అప్పుడే.

మోషే మంచం పట్టాడు. కోడలి మొహం చూసి పోతానన్నాడు. క్రిస్మస్‌కు ముందే దానియేలుకు శంకర్‌పల్లి పిల్లతో పెండ్లయింది. కొత్త సంవత్సరం వచ్చిన రెండో వారం ఉత్తరం వచ్చింది. పాస్టరు తెలుగులో చెప్పాడు. మా కార్న్‌వాల్ పాత భాషలో ఆ పేరుకు కొత్త ఇల్లు అని అర్థం, అని రాశాడు దొర. ఎక్కడ ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా వాళ్ళకు అదే పేరు పడింది, చుట్టరికమేమీ లేదు. మా అమ్మ పుట్టింటి పేరూ అదే. పిల్లలిద్దరికీ నా దీవెనలు.

తాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రొట్టె మాడుతున్నట్టున్నది," అని చిన్నత్త లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆమె ఆ తర్వాత ఎవరినీ చేసుకోలేదు.

గుడి బావి ఇప్పుడు ఎవరిదో ఫామ్‌హౌసు గోడ లోపల ఉంది. ప్రొద్దుటూరులో మోషే ఇంటివాళ్ళు పట్నం పోయి, పలకడం కష్టమని ఆ ఇంటిపేరు మానేశారట. నాకు అన్నదమ్ములు లేరు. నా ఇంటిపేరు పెండ్లితో మారింది. ఇక మిగిలింది సమాధుల తోటలో చిన్నత్త రాయి మీదే. అక్షరాలు అరిగిపోతే మొన్న మళ్ళీ చెక్కించాను. చెక్కే అబ్బాయి ఉలి ఆపి, అంత పొడుగు పేరును వింతగా చూశాడు.

"గిది తల్లిగారింటి పేరా అమ్మా, అత్తగారింటిదా?"

"రెండూ గదే అయితుండె బిడ్డా," అన్నాను.