సత్యవతిగారి అనుమానం

మొన్న హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుంటే పరిటాల దగ్గర మా కారు ఒక పత్తి లారీ వెనక ఇరుక్కుపోయింది. కట్టిన తాళ్ళ సందుల్లోంచి దూది పింజలు ఎగిరొచ్చి అద్దానికి అతుక్కుంటున్నాయి. కిటికీ దించాను. ఎండిన ఆకు పొడి, గింజల నూనె, దుమ్ము కలిసిన పచ్చి పత్తి వాసన గుప్పున కొట్టింది. తుమ్ము మీద తుమ్ము. పక్కన మా ఆయన విసుక్కుంటున్నా అద్దం ఎత్తబుద్ధి కాలేదు. సత్యవతిగారు పోయారని కబురు తెలిశాక నేను ఆ దారిన రావడం అదే మొదటిసారి.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. నందిగామలో ఎరువుల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల మిల్లులకూ గోడౌన్లకూ ప్రోగ్రాములు రాసి ఇచ్చేవారు. చదువు అవగానే చిల్లకల్లు నుంచి బస్సులో వెళ్ళి అక్కడ చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. అంత అనుమానపు మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తాళం వేశాక లాగి చూసేవారు. మెట్లు దిగాక నన్ను పైకి పంపి మళ్ళీ లాగించేవారు. పాల ప్యాకెట్టు కత్తిరించగానే వాసన చూసేవారు. ఫైలు సేవ్ చేశానంటే, మూసి తెరిచి చూపించమనేవారు. మొదటిసారి ఒక పని పూర్తిచేసి, "నడుస్తోందండీ" అన్నాను గర్వంగా.

"ఎక్కడ నడుస్తోంది?"

"నా మెషీన్‌లో."

"మనం అమ్మేది నీ మెషీనా అమ్మాయ్?"

ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద గౌరవం నెమ్మదిగా, నా ఇష్టాయిష్టాలతో పని లేకుండా పెరిగింది.

జగ్గయ్యపేట పొలిమేరలో ఒక పత్తి మిల్లు ఉండేది. బండ్లు తూచే కాటాకు మా ప్రోగ్రామే పెట్టాం. రోజూ వచ్చే ట్రాక్టర్ల ఖాళీ బరువు కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. సరుకుతో వచ్చినప్పుడు ఒక్కసారి తూస్తే చాలు, పత్తి ఎంతో తేలిపోతుంది. కొన్నాళ్ళకు రైతులు గొడవకు దిగారు. బయట తూపించుకొస్తే ఒక బరువు, ఇక్కడ ఇంకో బరువు. తేడా వచ్చినప్పుడల్లా ఇక్కడే తక్కువ. అదీ రోజూ కాదు, ఎప్పుడో ఒక రోజు. మిల్లు షావుకారుగారి అనుమానం కాటా దగ్గర కూర్చునే నాగమణి మీదికి పోయింది.

"ఆ అమ్మాయే ఏదో చేస్తోందండీ. రైతుల దగ్గర కోసి ఎవడో బ్రోకరు బండికి కలుపుతోంది. మీరొచ్చి చూసి చెప్పండి, మాన్పించేస్తా" అన్నారు ఫోన్‌లో.

కాటా దగ్గర మోసం చేసిందని ఒక మిల్లు పంపేస్తే జగ్గయ్యపేటలో ఇంకే మిల్లూ గడప తొక్కనివ్వదు. నాగమణికి ఆ సంగతి తెలుసు. మేం వెళ్ళిన రోజు ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుంటూ మాట్లాడింది. నాకూ ఆమె వాలకం తేడాగానే అనిపించింది.

అంతకుముందు బస్సులోనే సత్యవతిగారిని అడిగాను. "ఆ అమ్మాయే అంటారా?"

"కావచ్చు. షావుకారే కావచ్చు, తగ్గితే లాభం ఆయనకేగా. మన ప్రోగ్రామూ కావచ్చు."

"మన దగ్గర ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే వస్తోంది కదండీ?"

మనం అమ్మేది నీ మెషీనా అన్నట్టే మళ్ళీ చూశారావిడ.

మన దగ్గర రాని తప్పు అక్కడే వస్తోందంటే, అక్కడ నడుస్తుండగానే చూడాలి. రోజూ వెళ్ళి కూర్చోలేం కాబట్టి నందిగామ నుంచే ఆ ప్రోగ్రాము లోపలికి చూసే ఏర్పాటు చేశాం. రిమోట్ డీబగ్గింగ్ అంటారు దాన్ని. ఆ కంప్యూటర్‌లో ఒక చిన్న కాపలా ప్రోగ్రాము పెట్టాలి. బయటివాళ్ళను రానివ్వకుండా అడ్డుకునే ఫైర్‌వాల్‌లో మా ఒక్క మెషీన్‌కే దారి తెరవాలి. రెండు చోట్లా ఉన్నది ఒకే ప్రోగ్రామో కాదో సరిచూసుకోవాలి, లేకపోతే లోపల ఏముందో చూడ్డానికి మనం ప్రోగ్రామును ఒక లైను దగ్గర ఆపమంటే అది ఇంకెక్కడో ఆగుతుంది, లేదా అసలే ఆగదు. పాస్‌వర్డు మాత్రం సత్యవతిగారు నాగమణి చేతే కొట్టించారు. ఆమె కొడుతున్నంతసేపూ నేనూ ఆవిడా గోడవైపు తిరిగి నిలబడ్డాం.

షావుకారుగారు గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉన్నారు. "అంటే మీరు నందిగామలో కూర్చుని నా కాటా తిప్పుతారా?"

"తిప్పగలమండీ. అందుకే మీ మనిషి పక్కన లేకుండా లోపలికి రాం. మేం ఫోన్ చేస్తాం, నాగమణి తీస్తేనే వస్తాం."

ఆయన అనుమానం తీరకపోగా పెరిగింది. ఇలా నిజం చెప్పి బేరం పాడుచేసుకునేవాళ్ళు ఉంటారా అని నాకు చిరాకేసింది.

మర్నాడు నందిగామ నుంచి కనెక్టయి, బరువు లెక్కగట్టే లైను దగ్గర ఆపమని పెట్టాం. ఆగింది. నేను సంబరపడిపోయాను. అక్కడ మాత్రం కాటా మీద నిండు ట్రాక్టరు, కదలని తెర, వెనక వరసగా హారన్లు.

"మేడం, తెర బిగుసుకుపోయిందండీ! షావుకారుగారు నా మీద కేకలేస్తున్నారు" అని నాగమణి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

సత్యవతిగారు వెంటనే ఆపిన ప్రోగ్రామును నా చేత వదిలిపెట్టించి, ఫోన్ షావుకారుగారికి ఇమ్మన్నారు. "ఆపింది మేమండీ, ఆ అమ్మాయి కాదు" అని చెప్పారు. ఇకమీదట బండ్లున్నప్పుడు ఆపకూడదనీ, పొద్దున్నే ప్రోగ్రాము మొదలయ్యే చోటి నుంచి చూడాలనీ నిర్ణయించారు. గొడవలన్నీ శుక్రవారం తూకాల మీదే వస్తున్నాయని కనిపెట్టిందీ ఆవిడే.

శుక్రవారం మిల్లు తెరిచే వేళకు కనెక్టయ్యాం. మా ప్రోగ్రాము మొదలవగానే కాటా మీద ఎంత ఉంటే అంత సున్నా కింద తీసుకుంటుంది. ఖాళీ కాటాయే కదా అని అలా పెట్టాం. ఆ లైను దగ్గర ఆపి చూస్తే, ఇద్దరు ముగ్గురు మనుషులకు మించిన బరువు కనబడింది.

"నాగమణీ, కాటా మీద ఏముందిప్పుడు?"

"ఏం లేదండీ, ఖాళీనే."

"బయటికెళ్ళి చూసి చెప్పు."

కాసేపటికి ఆమె గొంతు తగ్గించి అంది. "షావుకారుగారున్నారండీ, పూజారిగారున్నారు. శుక్రవారం బోణీకి ముందు కాటా మధ్యలో స్కూటరు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొడతారు. తూకం బండి కాదు కదండీ, అందుకే చెప్పలా."

అంటే శుక్రవారం వచ్చిన ప్రతి రైతు పత్తిలోంచీ ఆ ఇద్దరి బరువూ, స్కూటరు బరువూ పోతున్నాయన్నమాట. నేను పడీపడీ నవ్వాను. సత్యవతిగారు నవ్వలేదు. ఇంకో లైను చూస్తున్నారు. పూజ అయి వాళ్ళు దిగిపోయాక తెర మీద సున్నా కంటే తక్కువ కనబడాలి. అలా కనబడి ఉంటే నాగమణి ఆ రోజే పట్టుకునేది. కానీ సున్నా కంటే తక్కువొస్తే సున్నా అనే చూపించమని ప్రోగ్రాములో ఒక లైనుంది, చూడ్డానికి బాగుంటుందని. అది సత్యవతిగారు రాసిన లైను.

"ముందు సరిచేసి, తర్వాత చెబుదామండీ" అని గొణిగాను. ఆవిడ అప్పటికే షావుకారుగారిని ఫోన్‌కి పిలిపించారు.

"తప్పు దొరికిందండీ. సగం నేను రాసిన లైనుది, సగం మీ కొబ్బరికాయది. ఆ అమ్మాయిది ఏమీ లేదు. శుక్రవారం తూకాలు తప్పని రైతులకు మీరే చెప్పాలి."

 ఆ మిల్లు నుంచి మాకు ఇంకో పని రాలేదు. నాగమణి ఉద్యోగం మాత్రం నిలబడింది.

కొన్ని రోజులకు ఇద్దరం మళ్ళీ జగ్గయ్యపేట వెళ్ళి, ప్రోగ్రాము సరిచేసి, తెరిచిన దారి మూసి, కాపలా ప్రోగ్రాము తీసేశాం. అంతా నాగమణి చూస్తుండగానే. బయల్దేరబోతుంటే ఆమె అడిగింది. "మీరూ నన్నే అనుకున్నారాండీ?"

అబ్బే, లేదు అనే మాట నా నోటిదాకా వచ్చింది. సత్యవతిగారు భుజాన వేసుకున్న సంచి దించి, ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"అనుకున్నానమ్మా. నిన్నూ అనుకున్నా, మీ షావుకార్నీ అనుకున్నా. నా లైన్ని మాత్రం అందరికంటే ఆఖర్న అనుకున్నా. అది నీతో చెప్పి వెళ్దామనే వచ్చా."

నాగమణి ఏడ్చేసింది. నాకెటు చూడాలో తెలియలేదు.

ఆవిడ దగ్గర నేర్చుకున్న అనుమానంతోనే ఇన్నేళ్ళుగా నాలుగు మెతుకులు తింటున్నాను. ఇంట్లో వేళాకోళాలూ పడుతున్నాను. అనుమానించడం అలవాటైపోయింది, అందులో నాకిప్పుడు కష్టమేమీ లేదు. తప్పు వాళ్ళది కాదని తేలాక, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, "నిన్నే అనుకున్నాను" అని చెప్పాలంటే మాత్రం ఇప్పటికీ కష్టమే. వెళ్ళకపోతే ఎవరికీ తెలియదు. అయినా వెళ్ళి చెబుతాను.