ఓటు కార్డుకు రెండు ఫోటోలు

బడిలో పాఠాలు చెప్పడానికి నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఓటర్ల జాబితా పట్టుకుని పాతబస్తీ గల్లీల్లో మెట్లెక్కి దిగడానికి కూడా నేనే పనికొస్తానని తరువాత తెలిసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మోకాళ్ళ నొప్పులు మొదలైన ఏడాదే ఈ డ్యూటీ పడింది. పగలంతా బడి, సాయంత్రం గడప గడపకూ తిరగడం. "టీచరమ్మ మళ్ళొచ్చింది" అని నా క్లాసు పిల్లలే నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడు ఫోటో గుర్తింపు కార్డు లేని ఓటర్ల కోసం కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం క్యాంపు పెట్టారు. ఫోటోగ్రాఫర్‌ను ఆఫీసువాళ్ళే పంపారు. ఫోటో ఉచితం, కార్డు ఉచితం. ఊరికే వస్తుందంటే నాకొకటి, మా తాతకొకటి. కార్డులున్నవాళ్ళు కూడా వచ్చి, పాతదాంట్లో మొహం బాగా పడలేదు, కొత్తది తీయమని కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆ లొల్లిలో నా గొంతు పోయింది. నిజంగా కార్డు లేనివాళ్ళు తోసుకురారు, గోడవారగా నిలబడతారు.

ఒకామె అలాగే గోడవార నిలబడి ఉంది. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు ఏరి మాలలు కట్టే పని ఆమెది. తెల్లారకముందే పోయి మధ్యాహ్నం ఇల్లు చేరుతుంది. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏ పనికైనా ఆయన పేరే సరిపోయింది. ఆమె ఆధార్ మీద ఇప్పటికీ పుట్టింటి అడ్రసే ఉంది. ఇప్పుడు మరిది ఆమె ఉంటున్న ఒక్క గదినీ ఎవరికో గోదాముకు ఇవ్వాలని చూస్తున్నాడు. వదిన ఇక్కడ ఉండటం లేదు, ఊరికి వెళ్ళిపోయిందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు.

"కార్డు మీద గీ ఇంటి నంబరు వస్తే నేనీడ ఉంటున్నట్టే గద మేడం?" అని అడిగింది.

ఓటు మాట ఎత్తనైనా లేదు. కార్డు ఓటుకే తప్ప ఇంటికి కాదని చెప్పడానికి నాకు ఓపిక లేదు. "ముందు ఫోటో దిగమ్మా" అన్నాను.

ఆమె వెంట వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అలా ఎలా దిగనిస్తారు? "బోసి మెడతోని ఫోటో ఏందే" అని ఒకామె తన గొలుసు తీసి వేసింది. ఇంకొకామె ఇంటికి పరుగెత్తి పట్టుచీర తెచ్చింది. మరొకామె చేతుల నిండా గాజులు తొడిగింది. కార్డు మీద చేతులు పడవని నేను మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. మా గల్లీల్లో ఎవరు ఫోటో దిగినా ఇదే తంతు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు పెట్టి దించకపోతే గల్లీకే నామోషీ. పౌడరు రాశారు, బొట్టుబిళ్ళ పెట్టారు, తలలో పూలు ముడిచారు. భర్త పోయినామెకు ఇవన్నీ ఏమిటని ఒక్కరూ అనలేదు. కెమెరా ముందు కూర్చున్నాక నేనే పోల్చుకోలేకపోయాను.

మర్నాడు విచారణకు వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె నిజంగా అక్కడ ఉంటోందా అని చుట్టుపక్కల అడిగి రాసుకోవాలి. గుమ్మంలోనే మరిది కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఫోటోగ్రాఫర్ పంపిన ఫోటో నా ఫోన్లో చూపించాను. తీరిగ్గా చూశాడు.

"గీమె ఎవరు మేడం? మా వదిన గిట్లుంటదా? ఎవల్నో తెచ్చి దించిన్రు."

"అగో, ఆమెనే! మేమే ముస్తాబు చేసినం" అని పక్కింటామె కేకేసింది.

"విన్నరు గద, ముస్తాబు చేసిన్రంట" అన్నాడు. ఆ వారంలోనే అభ్యంతరం రాసిచ్చాడు. మంచికి పోతే చెడు ఎదురైంది. ఫోటో మళ్ళీ తీసి పంపమని పైఅధికారి నాకే చెప్పాడు. క్యాంపు ముగిసింది, ఫోటోగ్రాఫర్ వెళ్ళిపోయాడు. చివరికి సెల్‌ఫోన్, నేను మిగిలాం. చెప్పొద్దూ, ఆ రోజు ఇద్దరి మీదా కోపమొచ్చింది, ఆ మరిది మీదా, ఆ పట్టుచీర మీదా.

బడిలో అన్నం బెల్లు కొట్టగానే డబ్బా విప్పకుండా ఆమె ఇంటికి నడిచాను. అప్పుడే మార్కెట్ నుంచి వచ్చింది. నీళ్ళు చల్లిన పూలతో చీర తడిసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆడవాళ్ళు మళ్ళీ దువ్వెన పట్టుకుని వచ్చారు. "ఒక్కరు కూడా ముట్టుకోవద్దు" అని అరిచాను. పాపం, బిక్కమొహాలు వేశారు.

"గిట్లనేనా మేడం?" అంది.

"గిట్లనే."

ఇంటి సున్నపు గోడకు ఆనించి తీశాను. ఆమె ఇక్కడే ఉంటోందని అదే ఆడవాళ్ళు వరుసగా నిలబడి చెప్పారు, రాసుకున్నాను. మరిదికి కొత్త ఫోటో చూపిస్తే ఫోన్ తిరిగిచ్చి లోపలికి వెళ్ళాడు.

కొన్ని వారాలకు కార్డులు వచ్చాయి. ఆమెది నేనే తీసుకెళ్ళాను, మళ్ళీ అన్నం బెల్లులోనే. మరిది గుమ్మంలో పేపరు చదువుతున్నాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని కార్డు అందుకుంది.

"మస్తు అలిసినట్టున్న" అంది ఫోటో చూసి. నాకు నా మొహమే గుర్తొచ్చింది. కార్డు నాకే తిరిగిచ్చి, "నాకు చదువు రాదు గద. జర చదువున్రి. గట్టిగ" అంది.

చదివాను. ఆమె పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, గల్లీ. మరిది పేపరు మీంచి తల ఎత్తలేదు, పేజీ కూడా తిప్పలేదు. ఉన్న మాట చెప్పకుండా వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను, "అమ్మా, ఇది ఓటు వేయడానికే. ఇంటి మీద హక్కు దీనితో రాదు. రేపు కోర్టుకు పోతే ఇదొక్కటీ చాలదు."

"ఎరుకే మేడం" అంది. నన్ను మళ్ళీ గుమ్మం దగ్గరికి తీసుకొచ్చింది. "ఇంకోసారి చదువున్రి. ఇంటి నంబరు కాడికెళ్ళి."

బడికి ఆలస్యమవుతోంది. గొంతు పెంచి మళ్ళీ చదివాను.